ఆరో రోజు ప్లేటు

మా ఆయన పనిచేసే చోట పదకొండు వేల పైచిలుకు ప్రాణులున్నాయి. ఒక్కటీ అరవదు, కరవదు, పారిపోదు. వేలెడంత గాజు గొట్టాల్లో ఎండిన పొడిలా పడి నిద్రపోతుంటాయి. పుస్తకాలకు లైబ్రరీ ఎలాగో, సూక్ష్మజీవులకు కల్చర్ కలెక్షన్ అలాగ. పరిశోధన చేసేవాళ్లు తాము కనిపెట్టిన బ్యాక్టీరియాను తెచ్చి అక్కడ దాఖలు చేస్తారు. వాళ్లు దానికి ఒక నంబరిచ్చి దాచిపెట్టి, రేపు ఎవరడిగినా నిద్రలేపి పంపిస్తారు. అయితే నంబరిచ్చే ముందు ఆ జీవి బతికుందా లేదా, దానితోపాటు ఇంకేదైనా దొంగతనంగా దూరిందా అని చూడాలి. ఆ చూసే ఉద్యోగం మా ఆయనది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంట్లో నేను కడిగిన గ్లాసును కూడా వెలుతురుకి ఎత్తి చూసి గానీ నీళ్లు తాగరు. బోటనీతో డిగ్రీ పూర్తి చేసిన దాన్ని గనక, ఆ చూపుకి అర్థం తెలిసే ఊరుకుంటాను.

మా చెల్లెలు ఆయనకు పెట్టిన పేరు స్కేలుబద్ద. చాటుగా కాదు, ఎదురుగానే పిలుస్తుంది. మరదలు గనక చెల్లింది.

ఆ చెల్లెలు ఒక ఆదివారం చంకలో ఐసు పెట్టెతో మా గుమ్మంలో దిగింది. మనిషి సగమైపోయింది. కళ్ల కింద నల్లటి చారలు.

"కొరియర్‌లో పంపించొచ్చు కదే, ఇంత దూరం మోసుకొచ్చావు?" అన్నాను.

"వాడు ఎండలో పెట్టి టీ తాగడానికి పోతే? ఇన్నేళ్ల కష్టం అక్కా ఇది. పిల్లని కొరియర్‌లో పంపుతామా?"

నా ఇద్దరు పిల్లల్నీ అలా పంపే వీలుంటే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను గానీ, అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

మా ఆయన పేపరు పక్కన పెట్టి మరదలిని పలకరించారు. "ఫారం నింపావా?"

"బాగున్నావా అని అడగరా బావగారూ?"

"బాగోకపోతే ఇంత దూరం ఎలా వస్తావు? ఏదీ, ఇలా ఇవ్వు." ఫారం తీసుకుని చివరిదాకా చదివారు. "పదకొండో గడి ఖాళీగా వదిలేశావు."

"అక్కా, ఈయన్ని నువ్వు ఎలా భరిస్తున్నావే?"

"నా ఫారంలో గడులు తక్కువ," అన్నాను.

ఐసు పెట్టెలో ఉన్నది రెండు గాజు గొట్టాలు, వాటిలో నారింజ రంగు జిగురులాంటి పూత. బట్టలకు రంగులద్దే ఒక కార్ఖానా వెనక మురుగు కాలువలోంచి మా చెల్లెలు నాలుగేళ్ల కిందట తీసిన బురదలోంచి పుట్టింది ఆ పూత. ఎర్రటి రంగు నీళ్లలో దాన్ని వేస్తే మూడు రోజుల్లో నీళ్లు తేటపడిపోతాయి. ఈ బ్యాక్టీరియా ఒక్కటే, మరే జీవి సాయమూ లేకుండా, ఆ పని చేస్తుందన్నది మా చెల్లెలి థీసిస్. ఆ ఒక్క వాక్యాన్ని నిలబెట్టడానికి మిగతా రెండు వందల పేజీలు రాసింది.

ఒక విదేశీ పత్రిక దాని మీద వ్యాసాన్ని ఒప్పుకుంది. ఒక్కటే షరతు: ఆ జీవిని దాఖలు చేసి, పై బుధవారంలోగా నంబరు పంపాలి. లేకపోతే వ్యాసాన్ని తిప్పి పంపేస్తారు. వ్యాసం అచ్చుకు ఎక్కకపోతే యూనివర్సిటీ థీసిస్ తీసుకోదు. థీసిస్ గడువు నెలాఖరు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అడగడానికి వస్తే కుర్చీ కూడా వెయ్యం అన్నారట.

అంటే పది రోజుల్లో ఒక నంబరు కావాలి. అంతే. అది మా ఆయన చేతిలో ఉంది. మా ఆయన చేతిలో ఉండటమే అందులో భయపడాల్సిన విషయం.

సోమవారం ఆయన గొట్టాలు తీసుకెళ్లారు. మీడియమనే మేత పోసిన గాజు ప్లేటు మీద ఆ పూతను తీగతో రవ్వంత గీసి, ఏం మొలుస్తుందో చూడటం పరీక్ష. ఆ పరీక్షలు చేసే ఇంకొకావిడ ప్రసూతి సెలవులో ఉంది. అందుకని ఈయనే చేయాలి. దాఖలు చేసింది తన మరదలని డైరెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేశారట. డైరెక్టరు నవ్వి, "అయితే మరీ మంచిది," అన్నారట. మా ఆయనకు ఆ నవ్వు నచ్చలేదు.

"ఎప్పటికి తెలుస్తుంది బావగారూ?"

"ఇంట్లో ఆఫీసు మాట వద్దు."

"మనిషికి ఎంత కంగారుగా ఉంటుందో తెలుసా మీకు?"

"తెలుసు. అందరికీ ఉంటుంది. అందరూ ఉత్తరం వచ్చేదాకా ఆగుతారు. ఉత్తరం వెళ్లకముందు ఫలితం చెప్పకూడదు."

"నేను అందరూనా?"

"ఫారంలో బంధుత్వానికి గడి లేదమ్మాయ్."

ఆ మూడు రోజులూ మా చెల్లెలు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఉన్న గిన్నెలన్నీ తోమింది. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసింది, వేసినవాటికి మళ్లీ వేసింది. ఇంకొక వారం ఆ నంబరు రాకపోతే నా ఇల్లు ఆసుపత్రిలా తయారయ్యేది.

గురువారం సాయంత్రం మా ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగి, రెండో కప్పు అడిగారు. ఆయన రెండో కప్పు అడగడం నా పెళ్లయ్యాక ఓ పదిసార్లు జరిగి ఉంటుంది, అన్నీ పని సవ్యంగా అయిన రోజులే. ఆయన మొహం చదవడంలో నాకు ఏ యూనివర్సిటీ ఇవ్వని డాక్టరేటు ఉంది. వంటగది గుమ్మంలోంచి మా చెల్లెలి వైపు చూసి ఒక్క కనుబొమ్మ ఎగరేశాను. నేను నోరు తెరవలేదు. ఆ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాను గానీ ఎవరూ లెక్కచేయలేదు.

అది బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని గైడ్‌కి ఫోను చేసింది. "అయిపోయింది సార్, నంబరొచ్చినట్టే." ఆలూ లేదు చూలూ లేదు. ఆ గైడ్ దానికంటే తొందర మనిషి. రెండు రోజుల్లో నంబరు పంపుతామని ఆ సాయంత్రమే పత్రికకు రాసేశారు. కనుబొమ్మ ఎత్తింది నేను, అది సముద్రాలు దాటింది.

శనివారం మా ఆయన తన టిఫిను డబ్బా తనే కడుక్కున్నారు. కడిగినదాన్ని వెలుతురుకి ఎత్తి చూడలేదు కూడా.

ఆదివారం పొద్దున్నే చొక్కా వేసుకున్నారు. "ఆఫీసులో గొడుగు మరిచిపోయాను. తెచ్చుకుంటాను."

"వాన పడి మూడు నెలలైంది."

"పడొచ్చు," అని వెళ్లిపోయారు. రెండు గంటల తర్వాత గొడుగు లేకుండా వచ్చారు.  మా చెల్లెలు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ రాస్తోంది. హుషారుగా ఉంది, పాపం.

"వినండి బావగారూ. 'నిక్కచ్చితనానికి మరో పేరైన మా బావగారికి.' బాగుందా? స్కేలుబద్ద అని రాద్దామనుకున్నా, గైడ్ కొట్టేస్తారని మానేశా."

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లి, ఎదురింటి గోడను చాలాసేపు చూశారు. ఆ గోడలో చూడాల్సిందేమీ లేదు. పన్నెండేళ్లుగా నేను చూస్తున్నాను.

సోమవారం పొద్దున్న నేను బట్టలు ఆరేస్తుంటే వచ్చి క్లిప్పులు అందించడం మొదలుపెట్టారు. 

"చెప్పండి," అన్నాను.

"ఏమిటి?"

"ఏమిటో మీకే తెలియాలి. ఒక్క చొక్కాకి ఆరు క్లిప్పులిచ్చారు ఇప్పటికి."

"ఇంట్లో ఆఫీసు మాట..."

"ఇది ఇల్లు కాదు, బాల్కనీ."

ఆయన లోపలికి తొంగి చూశారు. చెల్లెలు స్నానానికి వెళ్లింది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. "ప్లేట్‌లో రెండున్నాయి," అన్నారు.

తడి చీర నా చేతిలోనే ఉండిపోయింది.

"గురువారం లేదు. మా రూలు డెబ్బై రెండు గంటలు. గురువారానికి సరిగ్గా డెబ్బై రెండు. చూశాను. అన్నీ ఒకే రకం చుక్కలు, నారింజ రంగువి, గుండ్రంగా ఉన్నాయి. సంతకం పెట్టాను. శనివారం చూస్తే వాటి చుట్టూ ఏదో మసక. నిన్న చూస్తే ఆ మసకంతా చుక్కలే. సూదిమొనంత ఉన్నాయి. పెద్దవాటిని ఆనుకునే ఉన్నాయి, దూరంగా ఒక్కటీ లేదు. పెద్దవి వదిలేది ఏదో తిని బతుకుతున్నట్టున్నాయి."

"సంతకం పెట్టాక ప్లేటు పారేయాలి కదా?"

"పారేయాలి."

"మరి ఎందుకు ఉంచారు?"

"మీ చెల్లెలిది కదా."

నాకు అర్థం కాలేదని కాబోలు, మళ్లీ చెప్పారు. "మరదలిదని చూసీ చూడనట్టు వదిలేశాడని రేపు ఎవరైనా అంటే? ఇంకెవరిదైనా అయితే గురువారమే పారేసేవాణ్ణి."

మా ఇంట్లో అభిమానం ఇలా ఉంటుంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"అదే తెలియడం లేదు. కాగితం మీద నా పని సరిగ్గానే ఉంది. ఉత్తరం డైరెక్టరు గారి బల్ల మీదుంది. ఇవాళ సంతకం పెడతారు. నాలుగింటికి తపాలా గుమాస్తా ట్రే తీసుకెళ్తాడు. నేను ఆపాలంటే, గడువు దాటాక కూడా ప్లేటు ఉంచుకుని చూశానని రాయాలి. అలా రాయడానికి ఫారంలో గడి లేదు."

"దాఖలు చేసిన మనిషే వద్దంటే?"

"దానికి వేరే ఫారముంది. కానీ తనకి తెలియాలి కదా. ఉత్తరం వెళ్లకముందు ఫలితం నేను తనకి చెప్పకూడదు."

"నాకు చెప్పొచ్చా?"

ఆయన చేతిలో మిగిలిన క్లిప్పులన్నీ జాగ్రత్తగా బుట్టలో వేశారు. "దాఖలు చేసింది నువ్వు కాదుగా," అని, చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయారు.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఈయనకు పెళ్లయిన మొదటి వారం నుంచీ తెలుసు. ఎన్నో ఏళ్లుగా దాని మీద ఫిర్యాదులు చేసిన మనిషి, అవసరమొచ్చేసరికి దాన్నే తపాలా పెట్టెగా వాడుకున్నారు.

కానీ ఆ రోజు నువ్వుగింజ నానింది. పొద్దున్న ఎనిమిదింటి నుంచి నానుతూనే ఉంది.

నేను నోరు మూసుకుంటే నాలుగింటికి ఉత్తరం వెళ్లిపోతుంది. చెల్లెలికి నంబరొస్తుంది, వ్యాసం అచ్చవుతుంది, థీసిస్ వెళ్తుంది. ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు. రూలు ప్రకారం చూశారు, రూలు ప్రకారం శుభ్రంగా ఉంది. నేను నోరు తెరిస్తే బుధవారం దాటిపోతుంది. ఆ చిన్న చుక్కలు ఉత్త కాలుష్యమైతే వదిలించుకోవడానికి రెండు వారాలన్నా పడుతుంది. కాలుష్యం కాకపోతే? ఎర్ర నీళ్లను తేట చేస్తున్నది ఆ చిన్నవే అయితే? లేదా రెండూ కలిస్తేనే అయ్యే పనైతే? అప్పుడు రెండు వందల పేజీలూ ఏ వాక్యం మీద నిలబడ్డాయో ఆ వాక్యమే పోతుంది.

మరి నోరు మూసుకుంటే మాత్రం? ఇవాళ కాకపోతే రెండేళ్లకి, ఏ దేశంలోనో ఎవరో ఆ నంబరు చూసి ఒక గొట్టం తెప్పించుకుంటారు. మా ఆయన లాంటివాళ్లు లోకంలో ఒక్కరే ఉంటారని నేను ఆశపడ్డాను గానీ, నమ్మలేకపోయాను. ఆరో రోజు దాకా ప్లేటు ఉంచేవాడు ఎక్కడో ఒకడు ఉండకపోడు.

చెల్లెలు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. "అక్కా, బుధవారం అయిపోయాక నాలుగు రోజులు నిద్రపోతాను. ఇల్లు తగలబడినా లేపొద్దు."

"సరే."

"ఏంటే, ఆ గిన్నె ఇందాకే తోమావుగా?"

"జిడ్డుంది."

మధ్యాహ్నం రెండింటికి స్టవ్ కట్టేశాను. "చెప్పులేసుకో. మీ బావ ఆఫీసుకి వెళ్దాం."

"ఎందుకు? ఉత్తరం చేతికిస్తారా?" దాని మొహం వెలిగిపోయింది. నా జన్మలో నేను చూడకూడదనుకున్న వెలుగు అది.

బస్సు కదిలాక చెప్పాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. మధ్యలో ఆపలేదు. ఆపితే బాగుండేది.

"నువ్వు చూశావా?" అంది చివరికి.

"లేదు."

"ఆయన పొరపాటు పడి ఉంటారు."

"ఎప్పుడైనా పడ్డారా?"

నా వైపు తిరిగి, "పొద్దుననగా తెలిసి ఇప్పుడా చెప్పడం? గురువారం కనుబొమ్మ ఎగరేయడానికి ఎంతసేపు పట్టింది నీకు? దీనికి ఆరు గంటలా?" అంది.

నేను చేతిలో టిక్కెట్లను ఇంకో మడత పెట్టాను. 

"మూడు రోజులకి పారేయమని రూలుందిగా! ఎవడుంచమన్నాడు ఆయన్ని? అందరి ప్లేట్లూ పారేసి నాది మాత్రం పెట్టుకు కూర్చున్నారా? నేనేం ద్రోహం చేశాను ఆయనకి?" ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. ప్లేట్లంటే భోజనం ప్లేట్లనుకుందేమో, నా వైపు జాలిగా చూసింది.

తర్వాత గొంతు తగ్గించింది. "నాలుగింటికి వెళ్లిపోతుందిగా ఉత్తరం?"

"ఆ."

"ఇప్పుడు దిగి వెనక్కి వెళ్లిపోతే?"

"వెళ్లిపోవచ్చు," అన్నాను. నిజంగానే అన్నాను.

బస్సు ఆగింది, కదిలింది. మళ్లీ ఆగింది. తను లేస్తుందేమోనని నేను, నేను లేస్తానేమోనని తను.  ఎవరమూ లేవలేదు. మూడో స్టాపు ఆయన ఆఫీసుదే.

అక్కడ గాజు తలుపు దాటి లోపలికి ఎవరినీ రానివ్వరు. తలుపుకి ఇవతల సందర్శకుల గది ఉంది. ఒక బల్ల, పెద్ద భూతద్దం బిగించిన దీపం, నాలుగు కుర్చీలు, గోడ మీద ఒక గడియారం. మా ఆయన తెల్లకోటుతో వచ్చారు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నటించడం కూడా రాదు ఆయనకు.

"నా ప్లేటు చూడాలి," అంది చెల్లెలు.

"దాఖలు చేసినవాళ్లు రాతపూర్వకంగా అడగొచ్చు." జేబులోంచి ఫారం తీశారు. అప్పటికే పైభాగం ఆయనే నింపి ఉంచారు. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ప్లేటు తెచ్చి దీపం కింద పెట్టారు. అరచేతిలో పట్టే గాజు పళ్లెం, అందులో గీసిన గీతల వెంట నారింజ చుక్కలు. నాకు పూసలదండ తెగినట్టు కనిపించింది. దాని చుట్టూ బూడిద రాలినట్టు ఏదో ఉంది. మా చెల్లెలు భూతద్దం మీదికి వంగింది. వంగిన మనిషి లేవలేదు. 

"ఇవి నాకు తెలుసు," అంది.

మా ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"రెండేళ్ల కిందట ఒకసారి జ్వరమొచ్చి వారం రోజులు ల్యాబుకు వెళ్లలేదు. ప్లేట్లు అలాగే ఉండిపోయాయి. వచ్చి చూస్తే పెద్ద చుక్కల చుట్టూ ఇలాగే రవ్వలున్నాయి. మీడియంలో ఉప్పు పేరుకుందనుకున్నాను. మా దగ్గర ఇంక్యుబేటర్‌లో చోటు చాలదు బావగారూ, ఒక్కొక్కరికి ఒక్క అర. మూడో రోజు తీసేసి కొత్తవి పెట్టుకోవాలి. అందుకని మళ్లీ ఎప్పుడూ ఇన్ని రోజులు ఉంచలేదు."

"సూదితో గీకి చూడలేదా?" అడిగారు ఆయన.

"లేదు."

"ఎందుకని?"

"ఉప్పనుకుంటే హాయిగా ఉంది." 

"రంగు తినేది ఏది? పెద్దదా, చిన్నదా?"

"తెలీదు. నాలుగేళ్లుగా తెలుసనుకున్నాను. ఇప్పుడు తెలీదు." భూతద్దం పక్కకి తోసింది. "రెండూ కలిపి దాఖలు చేసుకుంటారా?"

"కుదరదు. ఇక్కడ గొట్టానికి ఒకటే."

"ఉత్తరం?"

"సంతకమైంది. ట్రేలో ఉంది."

మూడూ పది.  నీళ్లడగాలన్నా నాకు భయంగా ఉంది, ఆ ఒక్క మాటతో ఎటో అటు ఒరిగిపోతుందేమోనని.

"నేను ఊరుకుంటే?"

"నాలుగింటికి వెళ్తుంది."

"మీరేమీ అనరా?"

"నాకు గడి లేదమ్మాయ్."

ఆ క్షణాన చేతిలో గరిటె లేదు గనక ఆయన బతికిపోయారు.

"ఉద్యోగిగా వద్దు. బావగా చెప్పండి," అంది అది.

ఆయన కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. అలా కోటుతో తుడవకూడదని ఇంట్లో అందరికీ చెప్పే మనిషి. "బావగా అయితే ఏం చేస్తాను, ప్లేటు ఇంకో నాలుగు రోజులు ఉంచేవాణ్ణి. ఉంచాను," అన్నారు.

అది తల దించుకుని చేతివేళ్ల వంక చూసుకుంటూ కూర్చుంది. మూడూ ఇరవై. మూడున్నర. గాజు తలుపు అవతల తపాలా గుమాస్తా ఖాళీ సంచీతో అటూ ఇటూ తిరగడం కనిపిస్తోంది. చేయి పట్టుకుందామని నా చేయి దాని వైపు కదిలి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఎందుకంటే దాన్ని ఎటు లాగాలో నాకే తెలీదు. ఇంటికి లాగాలని ఉంది, అది నిజం.

"వెనక్కి తీసుకునే ఫారం ఇవ్వండి," అంది.

మా ఆయన రెండో జేబులోంచి తీశారు. అది రాసింది. 'కారణం' అన్నచోట ఆగి, రెండు వాక్యాలు రాసి ఆయన ముందుకు తోసింది. నేను తొంగి చూశాను. 'నేను ఇచ్చిన కల్చర్‌లో రెండు జీవులున్నాయి. రెండోదాన్ని రెండేళ్ల కిందటే చూసి ఉప్పు అనుకున్నాను.'

"రెండో వాక్యం అవసరం లేదు," అన్నారు ఆయన.

"ఉండనివ్వండి."

ఆయన పరుగెత్తలేదు గానీ, నేనెప్పుడూ చూడనంత వేగంగా నడిచారు. మూడూ యాభై రెండుకి ఒక కవరుతో తిరిగి వచ్చారు. మా చెల్లెలు చేయి చాపింది.

"అందులో నంబరుందా?"

"ఉంది. రద్దయింది. చూసి ఏం చేస్తావు?"

"చూస్తాను."

చూపించకూడదని రూలు ఉండే ఉంటుంది. ఆయన కవరు విప్పి కాగితం బల్ల మీద పరిచారు. ఐదంకెలు. మా చెల్లెలు దాన్ని పసిపిల్ల మొహం చూసినట్టు చూసి, మడత ప్రకారమే మళ్లీ మడిచి ఇచ్చేసింది.

తర్వాత వరండాలో నిలబడి గైడ్‌కి ఫోను చేసింది. నాకు ఈ వైపు మాటలే వినిపించాయి. "లేదు సార్, రాలేదు." "గురువారం చెప్పానండీ, తప్పే." "చూడకుండా చెప్పాను." "రెండున్నాయి సార్." అక్కడ అవతలి మనిషి చాలాసేపు మాట్లాడారు. మా చెల్లెలు వరండా గోడకున్న పెచ్చు ఊడగొడుతూ వింది. చివర్లో, "అలాగే సార్, నేనే రాస్తాను," అని పెట్టేసింది.

"ఏమన్నారు?"

"పత్రికకు నన్నే రాయమన్నారు. నంబరొచ్చిందని తొందరపడి చెప్పింది నేనేనని కూడా రాయాలి. థీసిస్ గడువు పొడిగించమని ఆయన అడుగుతారట. ఇవ్వరనే గొంతుతో అన్నారు."

"కనుబొమ్మ ఎగరేసింది నేను. అది రాయి."

"పత్రికకు కనుబొమ్మల సంగతి రాస్తారా ఎవరైనా?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే ముక్కు చీది, గాజు తలుపు వైపు నడిచింది. "బావగారూ, ఒక బల్ల ఇప్పిస్తారా? ఈ పెద్దదాన్ని విడిగా రెండు ప్లేట్లలో, రెండూ కలిపి రెండు ప్లేట్లలో వేస్తాను. ఎర్రరంగు నా సంచీలోనే ఉంది."

దానికీ ఫారముంది. అది కూడా నింపారు. నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. నేను ఏ గడిలోనూ పట్టలేదు. గాజు తలుపుకి ఇవతల కుర్చీలో కూర్చుని చూశాను. పెద్ద సైజు కోటులో మా చెల్లెలు, మంట పక్కన తీగ కాల్చుకుంటూ ఉంది. పక్కనే మా ఆయన మూతలు తెరిచి పట్టుకున్నారు.   పెద్దది విడిగా పెరిగి, రంగు తినకపోతే? ఎవరూ ఆ మాట అనలేదు. అందరం అదే చూస్తున్నాం.

నాలుగు ప్లేట్లు అయ్యాక ఆయన చీటీల మీద తేదీ రాశారు. తలుపు కొద్దిగా తెరిచి ఉండటం వల్ల మాటలు వినిపించాయి.

"పారేసే తేదీ కూడా రాయాలి. డెబ్బై రెండు గంటలని రాయనా?"

"వద్దు."

"ఏదో ఒకటి రాయకపోతే, పొద్దున్న తుడిచేవాళ్లు తీసేస్తారు."

మా చెల్లెలు ఆయన చేతిలోంచి కలం తీసుకుని నాలుగు చీటీల మీదా రాసింది. రాసినదాన్ని ఆయనకు చూపించింది. నాకు కనిపించలేదు. ఆయన పైకి చదివారు: "'నన్ను అడగకుండా ఎవరూ పారేయొద్దు.' ఇలా ఎవరూ రాయరమ్మాయ్."

"ఎలా రాయాలి మరి?"

ఆయన ఆ చీటీలను వెలుతురుకి ఎత్తి, కాసేపు చూశారు. తర్వాత కలం తీసుకుని, ప్రతి చీటీ కింద తన సంతకం పెట్టి, ప్లేట్లను ఒక్కొక్కటిగా లోపలి వెచ్చని అరలోకి తీసుకెళ్లారు.